ముందు కాచుకో, తర్వాతే కొట్టు: నింజా గేమ్స్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో పాత క్యాసెట్ గేమ్స్ గురించి నాలుగు ముక్కలు రాసినా, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నింజా గేమ్స్ మీదే ఉన్నాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: అన్నా, మాది చంద్రగిరి, తిరుపతిలో డిగ్రీ చదువుతా ఉండా. ఆఫర్ లో నింజా గైడెన్ మాస్టర్ కలెక్షన్ తీసుకున్నా. దాంట్లో మొదటి గేమ్ సిగ్మా మొదలుపెట్టి మొదటి బాస్ (అంకం చివర వచ్చే పెద్ద శత్రువు) మురాయ్ దగ్గరే ఇప్పటికి 30 సార్లు పైన చచ్చిపోయినా. బటన్లు ఎంత ఫాస్టుగా నొక్కినా లాభం లేదు, ఫ్రెండ్స్ ఏమో డబ్బులు దండగ చేసినావ్ అంటా ఉన్నారు. నా చేతులు స్లోనా, లేకపోతే గేమే అన్యాయంగా ఉందా?

జవాబు: తమ్ముడూ, నీ చేతులు స్లో కాదు, అవసరానికి మించి ఫాస్టుగా పోతా ఉన్నాయి, అదే నీ ఇబ్బంది. ఈ గేమ్ లో కత్తి ఒకసారి విసిరినాక ఆ విసురు అయ్యేదాకా బ్లాక్ కి, అంటే దెబ్బ కాచుకోడానికి, రావడం కష్టం, మురాయ్ సరిగ్గా ఆ సందులోనే కొడతాడు. నువ్వు బటన్లు ఎంత ఎక్కువ నొక్కితే వాడికి అన్ని సందులు ఇస్తా ఉన్నట్టు లెక్క.

ఒక పని చెయ్యి. ఈరోజు రాత్రి గెలవాలని ఆడొద్దు. ఒక పది నిమిషాలు అసలు కత్తి బటన్ ముట్టుకోకుండా బ్లాక్ పట్టుకుని నిలబడు, వాడు ఎన్ని దెబ్బలు వరసగా వేస్తాడు, ఏ దెబ్బ తర్వాత ఒక క్షణం ఆగుతాడు, అది మాత్రం చూడు. పట్టుకుని విసిరేసే దెబ్బలు బ్లాక్ కి ఆగవు, వాటికి బ్లాక్ వదలకుండా స్టిక్ పక్కకి తోస్తే దొర్లుతావు కదా, ఆ దొర్లడమే మందు. చస్తావు, చావనీ. పదో నిమిషానికి నీకు వాడి ఊపు తెలిసిపోతుంది, అప్పుడు వాడు ఆగినప్పుడు రెండు దెబ్బలు వెయ్, మూడోది వెయ్యొద్దు, మళ్ళీ బ్లాక్ కి వచ్చెయ్. నేను ఈ గేమ్ మొదటిసారి ఆడింది మా మేనమామ కొడుకు బెంగళూరు నుంచి తెచ్చిన ఎక్స్‌బాక్స్ లో, వేసవి సెలవుల్లో, నాలుగు రోజులు ఆ మురాయ్ దగ్గరే ఉన్నా, ఐదో రోజు మా మేనమామ కొడుకు చెప్పింది ఇదే, కొట్టొద్దురా చూడు అని. ఆ సాయంత్రమే దాటేసినా.

అలిపిరి మెట్లు మొదటిసారి ఎక్కే కుర్రాళ్ళని చూసుంటావు కదా, కింద పాదాల మండపం దగ్గర్నుంచే పరిగెత్తి గాలిగోపురం వచ్చేసరికి కూలబడతారు, వాళ్ళ వెనకాల నిదానంగా మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటా వచ్చిన అవ్వ మాత్రం మోకాళ్ళ పర్వతం కూడా ఎక్కేసి ఉంటుంది. 3550 మెట్లకి సరిపోయే అడుగు ఒకటి ఉంటుంది. ఈ గేమ్ కి కూడా అట్లాంటి అడుగు ఒకటి ఉంది, అది నీ కాలికి తగిలేదాకానే కష్టం.

మురాయ్ దాటినాక ఉపయోగపడేది ఇంకొకటి చెప్తా, ఇది చానామందికి సగం గేమ్ అయ్యేదాకా తెలియదు. చచ్చిన శత్రువు నుంచి రంగు ఉండలు వస్తాయి, పసుపువి షాపులో ఖర్చు పెట్టుకునేవి, నీలంవి ప్రాణం, ఎర్రవి నిన్‌పో, అంటే నింజా మంత్రశక్తి. వాటిని వెంటనే లాక్కోకుండా నేల మీద ఉండనిచ్చి, పెద్ద దెబ్బ బటన్ నొక్కి పట్టుకుంటే అవన్నీ కత్తిలోకి పోయి అల్టిమేట్ టెక్నిక్ అప్పటికప్పుడు తయారైపోతుంది. ఆ దెబ్బ నడుస్తున్నంతసేపు నిన్ను ఎవరూ దాదాపు ఏమీ చెయ్యలేరు. అంటే ఒకణ్ణి చంపితే వచ్చేది ఇంకో ముగ్గుర్ని చంపే అవకాశం అన్నమాట, గేమ్ మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది.

అన్యాయమా అని అడిగినావు కాబట్టి ఒక్క విషయంలో నీతో ఒప్పుకుంటా, కెమెరా. ఇరుకు గదుల్లో అది గోడ వెనక్కి పోయి శత్రువు కనపడకుండా చేస్తుంది, అది నీ తప్పు కాదు, అట్లాంటి చోట గది మధ్యకి వచ్చి ఆడు. మరీ విసుగొస్తే సిగ్మాలో హీరో మోడ్ ఉంది, ప్రాణం తగ్గినప్పుడు దానంతట అదే కాచుకుంటుంది. పెట్టుకోడానికి సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: నమస్తే సార్. మాది చిత్తూరు, వయసు 44. చిన్నప్పుడు గాంధీ విగ్రహం దగ్గర్లో ఒక షాపులో గంట లెక్కన టీవీ గేమ్ ఆడేవాళ్ళం. అందులో నీలం బట్టల నింజా గేమ్ ఒకటి, పక్షి వచ్చి తగిలితే గుంతలో పడిపోయేది. ఒక్కసారి కూడా పూర్తి చెయ్యలేదు. అది అంత కష్టమా, మాకు రాలేదా? ఇప్పుడు మళ్ళీ ఆడే దారి ఉందా?

జవాబు: సార్, ఆ పక్షి పేరు చెప్పగానే నాకు కూడా చేతులు బిగుసుకుపోయినాయి. మీరు ఆడింది టెక్మో కంపెనీ నింజా గైడెన్. జపాన్ లో 1988 డిసెంబర్ లో వచ్చింది, అమెరికాకి 1989 లో పోయింది, ఐరోపాలో అయితే షాడో వారియర్స్ అనే పేరుతో అమ్మినారు. మన దగ్గర అమ్మిన టీవీ గేములు జపాన్ లో నింటెండో వాళ్ళు అమ్మిన గేమ్ మిషన్ కి నకళ్ళు కాబట్టి ఆ గేమే క్యాసెట్ లోకి ఎక్కి చిత్తూరు దాకా వచ్చింది.

మీకు రాకపోవడం కాదు, అది నిజంగానే కష్టమైన గేమ్. దెబ్బ తగిలితే మనం ఆడించే నింజా రియు వెనక్కి ఎగిరిపడతాడు, శత్రువుల్ని పెట్టింది ఏమో సరిగ్గా గుంతల అంచుల్లో, దాంతో ప్రాణం నిండా ఉన్నా గుంతలో పడి చస్తాం. ఇంకోటి, చంపిన శత్రువు ఉన్న చోటు స్క్రీన్ దాటిపోయి మీరు ఒక్క అడుగు వెనక్కి వేసి మళ్ళీ ముందుకి వస్తే వాడు మళ్ళీ పుట్టేస్తాడు. అంటే భయపడి వెనక్కి తగ్గేవాణ్ణి ఆ గేమ్ శిక్షిస్తుంది. అందుకే అందులో ఆగకుండా ముందుకే పోవాలి, పక్షి స్క్రీన్ లోకి వచ్చే చోటు గుర్తుపెట్టుకుని అది రాకముందే కత్తి విసరాలి. పైన చంద్రగిరి తమ్ముడికి ఆగమని చెప్పి మీకు ఆగొద్దు అని చెప్తా ఉండానే అనుకోవద్దు, అది 2004 లో వచ్చిన 3డి గేమ్ కి తర్వాత చేసిన రూపం, ఇది 1988 ది, పేరు ఒకటే గానీ అడుగు వేరే.

ఆఖరి ఆరో అంకంలో చివరి బాసుల దగ్గర ఓడిపోతే మళ్ళీ 6-1 కి, అంటే ఆ అంకం మొదటికి, తోసేస్తుంది, గంట లెక్కన డబ్బులిచ్చి ఆడే పిల్లలు దాన్ని పూర్తి చెయ్యడం కుదిరే పని కాదు సార్. కంటిన్యూలకి మాత్రం లెక్క లేదు, ఎన్నిసార్లైనా ఇస్తుంది. ఇంకా కోపం వచ్చే సంగతి ఏంటంటే ఈ పాత క్యాసెట్ సిరీస్ మూడో భాగం అమెరికాకి పంపినప్పుడు దెబ్బలు పెంచి కంటిన్యూలకి కూడా లెక్క పెట్టేసినారు.

ఆడే దారి ఉంది. నింటెండో స్విచ్ లో ఆన్‌లైన్ సభ్యత్వం ఉంటే పాత ఎన్‌ఈఎస్ (నింటెండో పాత మిషన్) గేమ్స్ లో ఇది దొరుకుతుంది, దాంట్లో వెనక్కి తిప్పుకునే రివైండ్ కూడా ఉంది. రివైండ్ వాడితే ఆడినట్టు కాదు అనే వాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ రోజుల్లో మనకి కరెంటు పోయేది, గంట అయిపోయేది, క్యాసెట్ ఊదుకుంటా కూర్చునేవాళ్ళం, ఒకే చోటు పదిసార్లు సాధన చేసే వీలు ఎక్కడిది? ఆ వీలు ఇప్పుడు రివైండ్ ఇస్తా ఉంది. ఒక గుంత దాటడం నేర్చుకునేదాకా వాడండి, వచ్చేసినాక రివైండ్ లేకుండా ఆ అంకం మొత్తం ఒకసారి ఆడండి.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది 40 దాటిన వాళ్ళు అందరూ చదవాలి. పాత డబ్బా టీవీలో బటన్ నొక్కగానే బొమ్మ కదిలేది. ఇప్పటి పెద్ద టీవీలు బొమ్మని అందంగా చెయ్యడానికి లోపల కొంచెం సేపు పట్టుకుని అప్పుడు చూపిస్తాయి, ఆ ఆలస్యం సీరియల్ కి తెలియదు గానీ ఈ గేమ్ కి ప్రాణం తీస్తుంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్యండి. నాకు వయసైపోయింది, చేతులు పనిచెయ్యడం లేదు అని నేను ఏడాది పాటు బాధపడినా, తీరా చూస్తే టీవీ!

ప్రశ్న: బ్రో, మదనపల్లె నుంచి, బీటెక్ థర్డ్ ఇయర్. నింజా గైడెన్ 2 ఆడాలి. పాత 2008 ది, సిగ్మా 2, కొత్తగా వచ్చిన 2 బ్లాక్ (నలుపు అనే బ్లాక్), ఇన్ని ఉన్నాయి. గ్రాఫిక్స్ బాగుండేది తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు బ్రో, నీ ప్రశ్నే ఈ నెల నాకు అన్నిటికంటే నచ్చింది. మళ్ళీ విడుదల అంటే మనం సినిమాకి రంగులు బాగుచేసినట్టు అనుకుంటాం, ఈ సిరీస్ లో అట్లా కాదు, ప్రతి విడుదలకీ శత్రువుల లెక్క మారింది, లెక్క మారితే గేమే మారిపోతుంది.

2008 లో ఎక్స్‌బాక్స్ 360 కి వచ్చింది అసలుది. దాంట్లో కత్తి వేటుకి శత్రువు చెయ్యో కాలో తెగిపోతుంది, కానీ వాడు చావడు, తెగినాక ఇంకా ప్రమాదం, పాక్కుంటా వచ్చి మనల్ని పట్టుకుని తనతో పాటు పేల్చేసుకుంటాడు. అందుకే తెగిన వాణ్ణి వెంటనే పెద్ద దెబ్బతో ముగించాలి, ఆ ముగింపు దెబ్బ నడిచేటప్పుడు మనకి ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది. గుంపులో ఎవణ్ణి ముందు ముగించాలి అనే ఎంపిక ప్రతి రెండు క్షణాలకీ వస్తా ఉంటుంది. పొడవాటి మెట్ల మీద డజన్ల కొద్దీ నింజాలు ఒకేసారి కిందికి దిగి వచ్చే చోటు ఒకటి ఉంది, పాపం ఆ మిషన్ ఆ గుంపుని మొయ్యలేక బొమ్మ నెమ్మదించిపోతుంది కూడా, అయినా నేను చూసిన గేమ్ ఫైట్లలో దానికి సాటి లేదు. లోపాలూ ఉన్నాయి, దూరం నుంచి పేలే షురికెన్లు (విసిరే చక్రాలు), రాకెట్లు కనపడని చోటు నుంచి వచ్చి తగులుతాయి, అవి నేర్పే పాఠం ఏమీ లేదు, వట్టి చిరాకు.

2009 లో పీఎస్3 కి సిగ్మా 2 వచ్చింది. రక్తం బదులు ఊదా రంగు పొగ పెట్టినారు, అది పెద్ద నష్టం కాదు. నష్టం ఎక్కడంటే స్క్రీన్ మీద శత్రువులు బాగా తగ్గిపోయినారు, ఉన్నవాళ్ళకి ప్రాణం ఎక్కువ. ఇప్పుడే చెప్పిన ఆ ఎంపిక, ఎవణ్ణి ముందు అనేది, అదే పల్చబడిపోయింది. బదులుగా అయానే, మోమిజి, రేచెల్ అనే ముగ్గురు ఆడవాళ్ళతో ఆడే అంకాలు ఇచ్చినారు, బొమ్మ నిలకడగా ఉంటుంది, కెమెరా కొంచెం మెరుగు. మొదటిసారి ఆడేవాడికి ఇది చెడ్డ గేమ్ అని నేను అనను. 2021 జూన్ లో వచ్చిన మాస్టర్ కలెక్షన్ లో ఉండేది ఇదే, అసలుది కాదు.

2025 జనవరి 23 న ముందస్తు ప్రకటన ఏమీ లేకుండా ప్రకటించిన రోజే విడుదల చేసేసినారు 2 బ్లాక్ ని. అన్‌రియల్ ఇంజిన్ 5 అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ లో చేసింది, చూడ్డానికి చానా బాగుంది, రక్తం వెనక్కి వచ్చింది, తెగడం వెనక్కి వచ్చింది. కానీ నిర్మాణం చాలావరకు సిగ్మా 2 దే, పాత 2008 గుంపు పూర్తిగా రాలేదు. కాబట్టి నీ దగ్గర మంచి పీసీ లేదా పీఎస్5 ఉంటే 2 బ్లాక్ తో మొదలుపెట్టు, నచ్చితే తర్వాత ఎక్స్‌బాక్స్ ఉన్న ఫ్రెండ్ ఇంటికి పోయి అసలుది ఆడు, అది ఇప్పటి ఎక్స్‌బాక్స్ మిషన్లలో కూడా నడుస్తుంది. రెండూ ఆడినోడికి నేను చెప్పే తేడా మెట్ల దగ్గరే అర్థమైపోతుంది. మూడో భాగం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో 2012 లో మొదట వచ్చింది తీసుకోవద్దు, రేజర్స్ ఎడ్జ్ అని ఉంటేనే తీసుకో, మొదటి దాంట్లో తీసేసిన ఆయుధాలు, తెగడం దాంట్లో తిరిగి పెట్టినారు.

ప్రశ్న: సార్, మాది తిరుచానూరు. మా అబ్బాయికి 13 ఏళ్ళు. నింజా గేమ్ ఆడతాడు, ఓడిపోతే రిమోట్ విసిరేస్తాడు, భోజనానికి పిలిస్తే ఐదు నిమిషాలు అంటాడు, అది గంట అవుతుంది. మానిపించేయాలా?

జవాబు: అక్కా, ముందు ఏ గేమ్ ఆడతా ఉన్నాడో కవర్ మీద చూడండి. పైన మదనపల్లె తమ్ముడికి చెప్పిన గేములైతే నేరుగా చెప్తా ఉండా, అవి పెద్దవాళ్ళవి, చేతులు కాళ్ళు తెగుతాయి, 13 ఏళ్ళ పిల్లోడికి వద్దు. వాడు ఎంత గొడవ చేసినా వద్దు. నింజా గేమ్ మీద అంత ఇష్టం ఉంటే ది మెసెంజర్ అని 2018 ది ఒకటి ఉంది, కెనడాలో క్యూబెక్ వాళ్ళు చేసింది, పాత క్యాసెట్ గేమ్ లాంటి బొమ్మలే, అట్లాంటి నరుకుడు ఉండదు, కష్టం మాత్రం ఉంటుంది.

ఐదు నిమిషాలు అన్నది మాత్రం వాడు అబద్ధం చెప్తా ఉండాడని అనుకోవద్దు. ఈ రకం గేముల్లో ఎక్కడంటే అక్కడ ఆట దాచుకోడానికి కుదరదు, కొన్ని చోట్ల విగ్రహాలో దీపాలో ఉంటాయి, అక్కడికి చేరితేనే ఆట నిలుస్తుంది, మధ్యలో ఆపేస్తే అరగంట కష్టం పోతుంది. మీరు అన్నం వడ్డించినాక పిలవడం కాకుండా కుక్కర్ పెట్టినప్పుడే, నాయనా వచ్చే విగ్రహం దగ్గర ఆపెయ్ అని చెప్పి చూడండి. మా అమ్మకి నేను ఇది చెప్పుకోలేకపోయినా, చెప్పుంటే మా ఇంట్లో చానా అరుపులు తప్పేవి.

విసిరేయడం గురించి: ఒకే చోట మూడుసార్లు చస్తే లేచి పోయి నీళ్ళు తాగి రావాలి అని రూలు పెట్టండి. నేను ఇప్పటికీ పాటిస్తా. నిజంగానే తిరిగొచ్చి కూర్చుంటే ఆ చోటు దాటడం జరుగుతుంది, కోపంలో చేతులు పాత తప్పే చేస్తా ఉంటాయి.

ప్రశ్న: పుత్తూరు నుంచి. సెకిరో కూడా నింజా గేమేనా? నింజా గైడెన్ ఆడినోడికి అది ఈజీనా?

జవాబు: నింజా గేమే, 2019 మార్చిలో వచ్చింది, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్ లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కూడా అదే. ఈజీ మాత్రం కాదు, దాంట్లో కష్టం తగ్గించుకునే ఆప్షనే లేదు. నింజా గైడెన్ లో బ్లాక్ అంటే దెబ్బ ఆగేదాకా దాక్కోవడం, సెకిరోలో సరిగ్గా దెబ్బ తగిలే క్షణంలో బ్లాక్ నొక్కితే అదే నీ దెబ్బ, శత్రువు నిలకడ బార్ నిండిపోతా ఉంటుంది, నిండినాక ఒక్క పోటు. వెనక్కి దొర్లే అలవాటుతో పోతే గెనిచిరో అనే బాస్ దగ్గర ఆగిపోతావు. మీదికి పోయి కత్తికి కత్తి తగిలించు.

ప్రశ్న: శ్రీకాళహస్తి నుంచి. నింజా గైడెన్ బ్లాక్ అన్నిటికంటే గొప్పది అంటారు కదా, మరి మాస్టర్ కలెక్షన్ లో సిగ్మా ఎందుకు పెట్టినారు? నాలుగో భాగం తీసుకోవచ్చా?

జవాబు: 2005 బ్లాక్ గొప్పదే, నా లెక్కలో కత్తి గేముల్లో దానికి మించింది రాలేదు. మూడుసార్లు చచ్చినోడికి నింజా డాగ్ అని తేలిక మోడ్ ఇచ్చి రియు చేతికి రిబ్బన్ కట్టించింది అదే, మాస్టర్ నింజా అని పై మెట్టు పెట్టింది కూడా అదే. కలెక్షన్ చేసేటప్పుడు పాత ఎక్స్‌బాక్స్ గేముల అసలు డేటా పూర్తిగా మిగల్లేదు, ముక్కలే ఉన్నాయి, అందుకే పూర్తిగా ఉన్న సిగ్మాలు వాడినామని ఈ గేములు చేసే టీమ్ నింజా వాళ్ళే చెప్పినారు. అంత కష్టపడి చేసిన దాని మూలం దాచుకోలేకపోవడం నాకు నిజంగా బాధ వేసింది. డిస్క్ ఉన్నోళ్ళు జాగ్రత్తగా పెట్టుకోండి, ఇప్పటి ఎక్స్‌బాక్స్ లో నడుస్తుంది. సెకండ్ హ్యాండ్ లో కొనేటప్పుడు మాత్రం షాపులోనే పెట్టించి ఒక అంకం దాకా ఆడి చూడండి, నేను చెన్నైలో చూడకుండా కొని ఇంటికొస్తే మూడో అంకం దగ్గర ఆగిపోయేది, తిరిగి పోతే తీసుకోలేదు.

నాలుగోది 2025 అక్టోబర్ 21 న వచ్చింది, ప్లాటినం గేమ్స్, టీమ్ నింజా కలిసి చేసినారు, ఎక్కువ భాగం యాకుమో అనే కొత్త కుర్రాడితో ఆడాలి, రియు కూడా ఉంటాడు. వేగం ఎక్కువ, హీరో మోడ్ ఉంది కాబట్టి కొత్తవాళ్ళు భయపడక్కర్లేదు. దానికి ఐదు రోజుల ముందు, అక్టోబర్ 16 న, 2004 గేమ్ ని, 2008 గేమ్ ని నడిపించిన తొమొనోబు ఇతగాకి 58 ఏళ్ళకే పోయినారు. ఆ వార్త చూసిన రోజు రాత్రి నేను కొత్త గేమ్ గురించి ఆలోచించలేదు, పాత బ్లాక్ డిస్క్ పెట్టి మురాయ్ దాకా ఆడి పడుకున్నా.

పాత 2డి పద్ధతి ఇష్టమైతే అదే ఏడాది జులై 31 న వచ్చిన నింజా గైడెన్ రేజ్‌బౌండ్ ని వదలొద్దు. స్పెయిన్ వాళ్ళు చేసింది, 1988 కథ జరుగుతున్న సమయంలోనే కెంజి అనే ఇంకో నింజా కథ. గాల్లో శత్రువు మీదో వాడు విసిరిన దాని మీదో సరిగ్గా తొక్కి మళ్ళీ ఎగరొచ్చు, చిత్తూరు సార్ ని ఏడిపించిన ఎగిరే శత్రువులే దీంట్లో గుంత దాటించే మెట్లు అవుతారు. అది అర్థమైన క్షణంలో నేను కుర్చీలోంచి లేచి నిలబడినా. సెగా వాళ్ళ షినోబి కూడా ఆగస్టు 29 న తిరిగొచ్చింది, 1987 నుంచి ఉన్న జో ముసాషీనే, బొమ్మలన్నీ చేత్తో గీసినట్టు ఉంటాయి, రేజ్‌బౌండ్ అంత బిగువు ఉండదు గానీ దెబ్బల వరస అల్లుకునే వాళ్ళకి అదే నచ్చుతుంది.

ప్రశ్న: అన్నా, పీలేరు. నా దగ్గర మామూలు కాలేజీ ల్యాప్‌టాప్ ఒకటే ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు, కంట్రోలర్ కూడా లేదు. నేను ఆడేది ఏమీ లేదా?

జవాబు: ఎందుకు లేదు తమ్ముడూ. 3డి నింజా గైడెన్ మాత్రం కీబోర్డు మీద వద్దు, వేళ్ళు చిక్కుపడిపోతాయి, కంట్రోలర్ కొన్న రోజు చూద్దాం. 2డి వాటికి కీబోర్డు చక్కగా సరిపోతుంది, నేనూ అట్లానే ఆడినా. మెసెంజర్ తో మొదలుపెట్టు, గాల్లో దేన్ని కొట్టినా ఇంకో జంప్ దొరుకుతుంది, లాంతరు కావచ్చు శత్రువు కావచ్చు. తర్వాత సైబర్ షాడో, 2021 ది, అచ్చం పాత క్యాసెట్ కష్టం. కొట్లాట కంటే దాక్కుని పోవడం ఇష్టమైతే మార్క్ ఆఫ్ ది నింజా, 2012 లో వచ్చింది, 2018 లో రీమాస్టర్ చేసినారు, నీ ల్యాప్‌టాప్ కి పాతదైనా చాలు. జంప్ ని స్పేస్ మీద పెట్టుకోవద్దు, బొటనవేలు తొందరగా అలిసిపోతుంది. కుడి చేతికి అందే అక్షరాల్లో పక్కపక్కనే జంప్, కత్తి పెట్టుకో, నడవడం ఎడమ చేతికి ఇచ్చెయ్. మెసెంజర్ లో బొమ్మలు 8 బిట్ (పాత ముతక బొమ్మ) నుంచి 16 బిట్ (కొంచెం నున్నటి బొమ్మ) కి మారే చోటు ఒకటి వస్తుంది, అక్కడిదాకా చేరినాక నాకు మళ్ళీ రాయి.